ఇళ్ల మధ్య డేకేర్: న్యూజెర్సీ జోనింగ్ బోర్డు ముందు అసలు చర్చ దేని మీద?

న్యూజెర్సీలో ఎడిసన్, సౌత్ బ్రన్స్‌విక్, ప్లెయిన్స్‌బరో చుట్టుపక్కల ఉద్యోగాలు చేసుకునే తెలుగు దంపతులకు పిల్లల్ని ఎవరు చూసుకుంటారన్న ప్రశ్న ఆర్నెల్లకోసారి తిరిగొస్తుంది. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మమ్మకో నానమ్మకో మామూలుగా దొరికే గడువు ఆరు నెలలే. ఒకరు వెళ్లే వేళకు మరొకరు దిగేలా టికెట్లు చూసుకోవడం కొన్నాళ్లు నడుస్తుంది. ఆ తర్వాత డేకేరే దిక్కు. ఇంటి దగ్గర ఉన్నదాంట్లో సీటు ఖాళీ ఉండదు, సీటు దొరికినది హైవే పక్కన ఏ స్ట్రిప్ మాల్‌లోనో ఉంటుంది. అలాంటప్పుడే ఎవరో ఒకరికి ఆలోచన వస్తుంది: మన వీధి మూల మీద అమ్మకానికి పెట్టిన పెద్ద ఇంట్లో మనమే ఒకటి పెడితే?

ఆలోచన మంచిదే. కానీ ‘పిల్లలకు మేలు చేసే పని కదా, కాదనేదెవరు’ అన్న ధీమాతో జోనింగ్ బోర్డు ముందుకు, అంటే ఊళ్లో ఎక్కడ ఏం పెట్టవచ్చన్న నియమాలకు మినహాయింపులిచ్చే బోర్డు ముందుకు, వెళ్తేనే దెబ్బ తగులుతుంది. డేకేర్ మంచిదన్న సంగతిని న్యూజెర్సీ చట్టం ఎప్పుడో ఒప్పుకుంది. దాన్ని మళ్లీ నిరూపించాల్సిన పని లేదు. బోర్డు తేల్చేది వేరే విషయం. పొద్దున ఎనిమిదింటికి ఆ మూల మీద ఎన్ని కార్లు ఆగుతాయి, వెనక పెరట్లో ఎంతమంది పిల్లలు ఒకేసారి ఆడతారు, ముందున్న పచ్చికలో ఎంత భాగం పార్కింగ్ కింద పోతుంది. అనుమతి వచ్చేదీ ఆగేదీ ఈ లెక్కల మీదే.

ముందుగా ఒక తేడా గమనించాలి. ఉంటున్న ఇంట్లోనే ఐదుగురు పిల్లల వరకు చూసుకోవడం ఒక రకం. ఆరుగురు లేదా అంతకంటే ఎక్కువ మందితో సెంటర్ నడపడం మరో రకం. రెండో దానికి రాష్ట్ర చిల్డ్రన్ అండ్ ఫ్యామిలీస్ శాఖ లైసెన్సు తప్పనిసరి. మొదటి దానికి రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ ఉంది కానీ అది ఐచ్ఛికం. చేయించుకోకపోయినా నేరం కాదు కదా అని చాలామంది వదిలేస్తారు. అలా వదిలేయకూడదు. రిజిస్టరైన ఫ్యామిలీ డేకేర్ ఇంటిని రాష్ట్రంలోని ప్రతి రెసిడెన్షియల్ జోన్‌లోనూ అనుమతించాలని, మామూలు ఇంటికి లేని షరతులు దానికి పెట్టకూడదని మున్సిపల్ ల్యాండ్ యూజ్ చట్టం చెబుతోంది. ఆ రక్షణ రిజిస్టరైన ఇళ్లకే. పక్కింటివాళ్లు టౌన్‌షిప్‌లో ఫిర్యాదు చేసిన రోజున చేతిలో ఉండాల్సింది ఆ కాగితమే. టౌన్‌హౌస్‌లో, కాండోలో ఉండేవాళ్లు అసోసియేషన్ నియమాలు విడిగా చదువుకోవాలి, వాటి సంగతి జోనింగ్ ఆఫీసు చూడదు. హెచ్-4 వీసా మీద ఉన్నవాళ్లయితే దీనికంటే ముందు పని చేసే అనుమతి, అంటే ఈఏడీ ఉందో లేదో చూసుకోవాలి.

రిజిస్ట్రేషన్ చేయించుకుని ఐదుగురితో ఆగేవాళ్లకు బోర్డు మెట్లు ఎక్కాల్సిన పనే రాదు. చిక్కంతా సెంటర్‌కే.

అమెరికాలో ఇళ్లు ఒకచోట, దుకాణాలు ఒకచోట, ఫ్యాక్టరీలు ఒకచోట అని ఊరిని గీతలు గీసి విడదీసే జోనింగ్ పద్ధతికి రాజ్యాంగబద్ధత దక్కింది 1926లో. ఒహాయోలో క్లీవ్‌లాండ్ పక్కన ఉన్న యూక్లిడ్ అనే చిన్న ఊరి మీద అంబ్లర్ రియాల్టీ కంపెనీ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఊరి పక్షాన తీర్పు చెప్పింది. ఇళ్లుండే చోట ప్రశాంతతను, పిల్లల భద్రతను కాపాడటం ఊరి హక్కేనంది. పిల్లల్ని కాపాడటానికని గీసిన ఆ గీతే వందేళ్ల తర్వాత పిల్లల్ని చూసుకునే చోటును ఇళ్లకు దూరంగా నెడుతోంది. తీర్పు నాటికి తల్లిదండ్రులిద్దరూ పొద్దున్నే ఆఫీసులకు వెళ్లే ఇళ్లు తక్కువ. పిల్లలుండేది ఇంట్లోనే అన్న ఊహ మీద ఆ మ్యాపులు తయారయ్యాయి.

న్యూజెర్సీ చట్టం ఈ ఇబ్బందిని సగమే తీర్చింది. లైసెన్సు ఉన్న చైల్డ్‌కేర్ సెంటర్లను నాన్-రెసిడెన్షియల్ జోన్లన్నిటిలో అనుమతించాలని ఊళ్లను ఆదేశించింది. ఆఫీసు భవనాల్లో, మాల్స్‌లో, పారిశ్రామిక జోన్లలో సెంటర్ పెట్టడానికి దారి సులువైంది. పార్కింగ్ లెక్కలో డేకేర్ ఆక్రమించే స్థలాన్ని మినహాయించాలని కూడా ఆ చట్టంలోనే ఉంది. ఇళ్ల మధ్య పెట్టడాన్ని మాత్రం ఏ ఊరి ఇష్టానికి ఆ ఊరికి వదిలేసింది. రాష్ట్రంలో ఉన్న 560కి పైగా మున్సిపాలిటీలలో ఒక్కో దానిది ఒక్కో జోనింగ్ పుస్తకం.

అంటే చట్టం చూపించే తేలికైన దారి పిల్లల్ని లారీలు తిరిగే రోడ్ల వైపే తీసుకెళ్తుంది. ఆ వైపు ఎలాంటి ప్రమాదం పొంచి ఉండొచ్చో గ్లౌస్టర్ కౌంటీలోని ఫ్రాంక్లిన్ టౌన్‌షిప్‌లో 2006లో బయటపడింది. ఒకప్పుడు థర్మామీటర్లు తయారుచేసిన ఫ్యాక్టరీ భవనంలో ఒక డేకేర్ నడుస్తోంది. గాలిలో పాదరసపు ఆవిరి ఉందని తేలి దాన్ని మూసేశారు. అప్పటికే పసిపిల్లలు ఆ గాలి పీలుస్తూ వచ్చారు. మరుసటి ఏడాది, 2007లో, కాలుష్యపు చరిత్ర ఉన్న స్థలాల్లో డేకేర్ పెట్టాలంటే పర్యావరణ శాఖ ఆమోదం ఉండాలని రాష్ట్రం చట్టం చేసింది. ఆ చట్టం అవసరమే. కానీ యాభై ఏళ్లుగా సంసారాలు సాగిన ఇంటిని వదిలి, పాత ఫ్యాక్టరీని పరీక్షలు చేయించుకుని వాడుకోవడం ఎందుకు తేలికవ్వాలన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది.

ఇక మూల ఇంటి విషయానికి వద్దాం. ఊరి జోనింగ్ పుస్తకంలో ఆ జోన్‌లో చైల్డ్‌కేర్ సెంటర్ పేరు లేకపోతే కావలసింది యూజ్ వేరియన్స్, అంటే ఆ జోన్‌లో లేని వినియోగానికి ఇచ్చే ప్రత్యేక మినహాయింపు. న్యూజెర్సీ లాయర్లు దీన్ని ‘డి వేరియన్స్’ అంటారు. దీన్ని ఇచ్చేది జోనింగ్ బోర్డు ఆఫ్ అడ్జస్ట్‌మెంట్. సభ్యులు ఏడుగురు, అనుకూలంగా ఐదు ఓట్లు పడాలి. హాజరైనవాళ్లలో మెజారిటీ వస్తే చాలదు. ఆ రాత్రి ఐదుగురే కూర్చుంటే ఐదుగురూ ఒప్పుకోవాలి, ఒక్కరు కాదన్నా దరఖాస్తు పోయినట్టే. అందుకే అనుభవమున్న లాయర్లు బెంచీ వైపు చూసి తలలు లెక్కపెట్టుకుంటారు. ఐదుగురే ఉంటే వాయిదా అడుగుతారు. నెల ఆలస్యమైనా అదే నయం. ఒకసారి తిరస్కరించిన దరఖాస్తును పెద్ద మార్పేమీ లేకుండా మళ్లీ పట్టుకెళ్తే బోర్డు వినదు.

ఇంకో సంగతి మనవాళ్లకు విడిగా చెప్పాలి. మేయర్ తెలుసు, కౌన్సిల్ మెంబరు దీపావళికి ఇంటికొచ్చారు, ఒక మాట చెప్పిస్తే పనైపోతుంది అనుకోవడం ఇక్కడ కుదరదు. ఎన్నికైన పదవుల్లో ఉన్నవాళ్లు జోనింగ్ బోర్డులో ఉండటానికి వీల్లేదు. బోర్డు పని కోర్టు లాంటిది. సాక్షులు ప్రమాణం చేసి మాట్లాడతారు, రికార్డు తయారవుతుంది, తీర్పు ఆ రికార్డు మీదే నిలబడాలి. విచారణ బయట సభ్యుడితో దరఖాస్తు గురించి మాట్లాడితే ఆ సభ్యుడు తప్పుకోవాల్సి రావచ్చు. అంటే సిఫారసు వల్ల ఓటు రావడం మాట అటుంచి, రావాల్సిన ఓటు పోతుంది.

మామూలుగా యూజ్ వేరియన్స్ అడిగేవాళ్లు రెండు నిరూపించాలి. ఇవ్వడానికి ప్రత్యేక కారణం ఉందని ఒకటి, ఇస్తే చుట్టుపక్కలవాళ్లకూ ఊరి జోనింగ్ ప్లాన్‌కూ గట్టి నష్టం ఉండదని రెండోది. డేకేర్‌కు ఇక్కడ పెద్ద వెసులుబాటు ఉంది. స్వభావరీత్యానే ప్రజలకు మేలు చేసే వినియోగాలంటూ చట్టం పేర్కొన్న వాటిలో ఆసుపత్రి, పాఠశాల, గ్రూప్ హోమ్‌తో పాటు చైల్డ్‌కేర్ సెంటర్ కూడా ఉంది. కాబట్టి మొదటి మెట్టు ఎక్కినట్టే. రెండో మెట్టుకు రాష్ట్ర సుప్రీంకోర్టు 1992లో వాల్ టౌన్‌షిప్‌కు సంబంధించిన సికా కేసులో పద్ధతి ఖరారు చేసింది. ఇందులో ప్రజా ప్రయోజనం ఎంత, చుట్టుపక్కల కలిగే ఇబ్బంది ఏమిటి, షరతులు పెట్టి ఆ ఇబ్బందిని ఎంతవరకు తగ్గించవచ్చు, ఇవన్నీ చూశాక ఏ వైపు మొగ్గు ఉంది అని బోర్డు వరసగా తూచాలి.

ఈ నాలుగింటిలో దరఖాస్తుదారు చేతిలో ఉండేది మూడోదే. ప్రయోజనం చట్టం చెప్పేసింది, ఇబ్బంది గురించి పక్కింటివాళ్లు చెబుతారు. ఇబ్బందిని తగ్గించే షరతులు ముందుగానే ఆలోచించి తనంతట తాను ప్లాన్‌లో పెట్టుకుని వచ్చినవాళ్లు గెలుస్తారు. బోర్డు అడిగాక తడుముకునేవాళ్లకు కష్టం.

కార్లతో మొదలుపెట్టాలి, ఎందుకంటే బోర్డు మొదలుపెట్టేది దాంతోనే. యాభై మంది పిల్లల సెంటర్ అనుకుందాం. ట్రాఫిక్ ఇంజనీర్లు వాడే ప్రామాణిక మాన్యువల్ ప్రకారం పొద్దున రద్దీ గంటలో ఒక్కో పిల్లకి సుమారు 0.8 ట్రిప్పులు లెక్క. అంటే దాదాపు 40. దించడానికి లోపలికి రావడం ఒక ట్రిప్పు, వెళ్లిపోవడం ఇంకో ట్రిప్పు కాబట్టి గంటలో ఇరవై కార్ల దాకా వచ్చి వెళ్తాయన్నమాట. ‘యాభై కార్లు ఒకేసారి’ అని పక్కింటివాళ్లు పడే భయం కంటే ఇది చాలా తక్కువ.

కానీ డేకేర్ స్కూలు లాంటిది కాదు. తలుపు తీసి దించేసి వెళ్లడం ఉండదు. అమ్మో నాన్నో కారు ఆపి, సీటు బెల్టు విప్పి, బ్యాగూ పాలసీసాలూ పట్టుకుని, లోపల సంతకం పెట్టి, ఏడుస్తున్న బిడ్డను టీచర్ చేతికిచ్చి రావాలి. ఆరు నిమిషాలు పడుతుందనుకుంటే, పావుగంటలో పది కార్లు వస్తే ఒకే సమయంలో నాలుగు కార్లు నిలబడి ఉంటాయి. జనవరిలో మంచు పడ్డ పొద్దున కోటు, బూట్లు విప్పించే పని కలిసి అదే పది నిమిషాలవుతుంది. అప్పుడు నాలుగు కాస్తా ఏడవుతాయి. ఏడో కారుకు లోపల చోటు లేకపోతే అది ఎదురింటి డ్రైవ్‌వే ముందు ఆగుతుంది. పక్కింటివాళ్ల కోపమంతా ఆ ఏడో కారు మీదే. అది న్యాయమైన కోపం. బోర్డు ముందు మంచు రోజు లెక్క తనంతట తాను చెప్పే ట్రాఫిక్ ఇంజనీరు మాటకు విలువ ఉంటుంది. ఎండ రోజు లెక్క ఒక్కటే చెప్పి సర్దేసేవాడు ఎదురు ప్రశ్నలకు నిలబడడు.

సిబ్బంది లెక్క దీనికి కలపాలి. రాష్ట్ర నిబంధనల ప్రకారం ఏడాదిన్నర లోపు పిల్లలు నలుగురికి ఒకరు, ఆ తర్వాత రెండున్నరేళ్ల దాకా ఆరుగురికి ఒకరు, నాలుగేళ్ల లోపు పదిమందికి ఒకరు, నాలుగేళ్ల పిల్లలైతే పన్నెండుమందికి ఒకరు ఉండాలి. ఎనిమిది మంది శిశువులు, పన్నెండు మంది నడక పిల్లలు, ఇరవై మంది మూడేళ్లవాళ్లు, పదిమంది నాలుగేళ్లవాళ్లు అనుకుంటే ఏడుగురు టీచర్లు, ఒక డైరెక్టరు. ఎనిమిది కార్లు పొద్దుణ్నుంచి సాయంత్రం దాకా అక్కడే ఉంటాయి. వాటికి ఎనిమిది, తల్లిదండ్రులకు ఏడు, మొత్తం పదిహేను పార్కింగ్ స్థలాలు. అవి ఎక్కడి నుంచి వస్తాయి? ముందున్న పచ్చికలో నుంచే. పచ్చిక పోయి తారు పడితే వాన నీరు ఎటు పోతుందని బోర్డు ఇంజనీరు అడుగుతాడు. ఇల్లు ఇల్లులా కాక దుకాణంలా కనిపిస్తోందని బోర్డు ప్లానర్ అంటాడు. వీధిలో కార్లు ఆగకుండా చేసిన ఏర్పాటే వీధి రూపాన్ని మార్చేసే సమస్యగా తిరిగొస్తుంది.

అందుకే పిల్లల సంఖ్యే అసలు తాళంచెవి. లోపల ఒక్కో పిల్లకి 35 చదరపు అడుగుల చొప్పున ఆడుకునే చోటు ఉండాలన్న లెక్కతో యాభై మందికి 1,750 చదరపు అడుగులు చాలు, వంటగది, బాత్రూములు, హాలు దానికి అదనం. ఇల్లు పట్టినంత మందికి అడగడం సహజం. కానీ ఇంట్లో పట్టే సంఖ్య వేరు, స్థలం మోయగల సంఖ్య వేరు. యాభై అడిగి తిరస్కరణకు గురవడం కంటే ముప్పైరెండుతో వచ్చి, పచ్చికలో సగం అలాగే ఉంచి, రాకపోకల వేళలు పావుగంటల చొప్పున విడదీసిన ప్లాన్ చూపించడం మేలు. శిశువుల గదికి సిబ్బంది ఎక్కువ కావాలి కాబట్టి తక్కువ మందితో లాభం కిట్టుబాటు కాదన్న బాధ నిజమే. ఆ లెక్క ఇల్లు కొనడానికి ముందు వేసుకోవాలి.

పెరటి శబ్దం మాటేమిటి? 2020 తర్వాత ఇంటి నుంచి పనిచేసేవాళ్లు పెరిగారు, పొద్దున పదింటికి కిటికీ అవతల పాతికమంది పిల్లల అరుపులు వినబడితే మీటింగులో కూర్చున్నవాళ్లకు తలనొప్పే. దీనికి పరిష్కారాలు తెలిసినవే: ఒకేసారి ఎనిమిది పదిమందినే బయటికి వదలడం, ఆట స్థలాన్ని పక్కవాళ్ల పడకగదుల వైపు కాకుండా పార్కింగ్ వైపు పెట్టడం, ఆరడుగుల చెక్క కంచె, దాని వెంట ఎప్పుడూ పచ్చగా ఉండే చెట్లు. వీటిని షరతులుగా రాసి ఇవ్వడానికి సిద్ధమని ముందే చెప్పాలి.

పక్కింటివాళ్లకు కబురు చట్టం ప్రకారమే వెళ్తుంది. స్థలానికి 200 అడుగుల లోపు ఆస్తులున్న ప్రతి ఒక్కరికీ విచారణకు కనీసం 10 రోజుల ముందు సర్టిఫైడ్ మెయిల్‌లో గానీ చేతికి గానీ నోటీసు ఇవ్వాలి. బహిరంగంగానూ ప్రకటించాలి. జాబితాలో ఉన్న ఒక్క ఇంటికి నోటీసు ఇవ్వకపోయినా విచారణ మొదటికి రావచ్చు. అయితే ఆ సర్టిఫైడ్ కవరు చించి చదివి విషయం తెలుసుకున్న మనిషి మనసులో ఏముంటుందో ఊహించడం కష్టం కాదు. ‘మాకు చెప్పకుండా చేసేస్తున్నారు’ అనే కదా. కవరు వెళ్లడానికి నెల ముందే ఆ ఇళ్ల తలుపు తట్టి, ప్లాన్ కాగితం చూపించి, ఏం ఇబ్బంది అనిపిస్తోందో అడిగి రావాలి. అలా తెలిసిన ఇబ్బందులు ప్లాన్‌లో మార్పులవుతాయి. అందరూ ఒప్పుకోరు. అయినా విచారణ రాత్రి మైకు దగ్గరకొచ్చే గొంతుల్లో కొన్నైనా మెత్తబడతాయి.

మైకు దగ్గర వినిపించే మాటలన్నిటికీ ఒకే బరువు ఉండదని కూడా తెలిసుండాలి. రెండు వందల సంతకాల అర్జీ తెచ్చినా, సంతకం పెట్టినవాళ్లను ప్రశ్నించే వీలు లేదు కాబట్టి దాన్ని సాక్ష్యంగా తీసుకోవడానికి బోర్డు లాయర్లు ఒప్పుకోరు. ‘మా ఇళ్ల ధరలు పడిపోతాయి’ అన్న మాట నిపుణుడి సాక్ష్యం లేకుండా నిలవదు. ‘ఎనిమిదింటికి స్కూలు బస్సు ఆగేది ఆ మూల మీదే, ఇవిగో ఫోటోలు’ అన్న మాట మాత్రం నిలుస్తుంది. తమ కళ్లతో రోజూ చూసేది చెప్పే హక్కు పక్కింటివాళ్లకు ఉంది, దాన్ని చులకనగా తీసుకున్న దరఖాస్తుదారు పొరపాటు చేసినట్టే.

ఇరుగుపొరుగువారి భయానికీ సాక్ష్యానికీ ఉన్న ఈ తేడాను అమెరికా సుప్రీంకోర్టు ఎప్పుడో గట్టిగా చెప్పింది. డాలస్-ఫోర్ట్‌వర్త్‌కు దగ్గర్లోని క్లీబర్న్‌లో మానసిక వైకల్యం ఉన్న 13 మందికి ఒక ఇంట్లో ఆశ్రయం ఇవ్వాలనుకున్నారు. ప్రత్యేక పర్మిట్ కావాలని సిటీ పట్టుబట్టింది, 3-1 ఓటుతో తిరస్కరించింది. చుట్టుపక్కలవాళ్లకు ఇష్టం లేదు, ఎదురుగా స్కూలుంది, ఐదొందల ఏళ్లకోసారి వచ్చే వరద ముంపులో స్థలముంది అన్నవి కారణాలు. అదే చోట నర్సింగ్ హోమ్‌కో అపార్ట్‌మెంటుకో అలాంటి పర్మిట్ అక్కర్లేదు. 1985లో కోర్టు ఆ తిరస్కరణను కొట్టేసింది. ఆధారం లేని భయం, అయిష్టం అన్నవి జోనింగ్ నిర్ణయానికి కారణం కాలేవంది. అది డేకేర్ కేసు కాదు, అయినా బోర్డు గదిలో భయం మాత్రమే వినిపించే రాత్రి దరఖాస్తుదారు లాయరు గుర్తుచేయదగ్గ తీర్పు.

డబ్బు విషయంలో ఒక్క జాగ్రత్త అన్నిటికంటే ముఖ్యం. ఇల్లు కొనే ఒప్పందంలోనో లీజులోనో ‘జోనింగ్ అనుమతి వస్తేనే’ అన్న షరతు రాయించుకోవాలి. దరఖాస్తు పూర్తిగా ఉందో లేదో తేల్చడానికి బోర్డుకు 45 రోజులు, ఆ తర్వాత నిర్ణయానికి 120 రోజుల గడువుంది. వాయిదాలు కలిస్తే ఏడాది దగ్గరపడుతుంది. ఆ షరతు లేకపోతే అన్నాళ్లూ ఖాళీ ఇంటికి లోను కిస్తీలో అద్దో కట్టాలి. సొంత లాయరు, ప్లానరు, ట్రాఫిక్ ఇంజనీరు ఫీజులతో పాటు బోర్డు తరఫు నిపుణుల ఖర్చు కోసం ఎస్క్రో డిపాజిట్ కూడా దరఖాస్తుదారే కట్టాలి. కంపెనీ పేరుతో దరఖాస్తు పెడితే లాయరు తప్పనిసరి.

ఇంత భారం మోయలేనివాళ్లకు ఇంకో దారి ఉంది. ఇళ్ల మధ్యే ఉండే చర్చిలు. ఆదివారం నిండే పార్కింగ్ స్థలం మిగతా రోజులు ఖాళీ, తరగతి గదులూ ఖాళీ. చర్చి భవనంలో డేకేర్‌కు కూడా అనుమతి అవసరం కావచ్చు, కానీ పచ్చిక తవ్వాల్సిన పని లేదు, వీధి రూపం మారదు. ఇబ్బందుల జాబితాలో సగం మొదట్లోనే కొట్టేయవచ్చు.

కాలిఫోర్నియా ఈ చిక్కును వేరేలా విప్పింది. 2020 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఎస్‌బీ 234 చట్టం ప్రకారం, నిర్వాహకులు నివసించే ఇంట్లో 14 మంది పిల్లల వరకు చూసుకుంటే దాన్ని ఇల్లుగానే లెక్కించాలి, ఊరు జోనింగ్ పర్మిట్ అడగకూడదు. ఫ్రీమాంట్‌లో పద్నాలుగు మందికి బోర్డు గడప తొక్కక్కర్లేదు, ఎడిసన్‌లో ఆరో బిడ్డకే సెంటర్ నిబంధనలు మొదలవుతాయి. న్యూజెర్సీ శాసనసభ కూడా ఐదుకూ యాభైకీ మధ్య ఇలాంటి ఒక మెట్టు కట్టాలి. పన్నెండు మంది పిల్లలున్న ఇంటికీ యాభై మంది ఉన్న సెంటర్‌కూ ఒకే ఐదు ఓట్ల పరీక్ష పెట్టడంలో న్యాయం కనబడదు.

ఐదు ఓట్లు పడ్డాక కూడా పని అయిపోలేదు. బోర్డు ఆమోదించినట్టు రాతపూర్వక తీర్మానం రావాలి, దానికి మరో 45 రోజుల దాకా గడువు. అందులో పిల్లల సంఖ్య, వేళలు, కంచె, పార్కింగ్ అన్నీ షరతులుగా ఉంటాయి. ఈ అనుమతి స్థలానికి అంటిపెట్టుకునేది, ఇల్లు చేతులు మారినా షరతులతో సహా కొనసాగుతుంది. తర్వాత ఇద్దరు పిల్లల్ని ఎక్కువ చేర్చుకోవాలన్నా మళ్లీ బోర్డుకే వెళ్లాలి. నిర్ణయాన్ని బహిరంగంగా ప్రకటించిన రోజు నుంచి 45 రోజుల్లో ఎవరైనా సుపీరియర్ కోర్టుకు వెళ్లవచ్చు. బిల్డింగ్ పర్మిట్, కొత్త ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, రాష్ట్ర లైసెన్సు ఆ తర్వాతి మెట్లు. అప్పీలు గడువు ముగిసేలోపు కాంట్రాక్టరుకు అడ్వాన్సు ఇచ్చి గోడలు కొట్టించడం మొదలుపెడితే, కోర్టు అనుమతిని రద్దు చేసిన పక్షంలో ఆ ఖర్చును తిరిగిచ్చేవాళ్లు ఎవరూ ఉండరు.